ఐదు వేళ్ళ టవర్ ఎక్కాం

జర్మనీలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులందరికీ ఒకటే ప్రోగ్రామ్ ఉంటుంది. రైన్ నదిలో పడవ, హైడెల్‌బర్గ్ కోట, ఫ్రాంక్‌ఫర్ట్ గాజు మేడల ముందు ఫొటో, ఓపిక ఉంటే ప్యారిస్. అవన్నీ మేమూ చూశాం. కానీ వాట్సాప్‌లో ఫొటోలు పెట్టడం అయిపోయాక కూడా నాకు గుర్తున్నది వాటిలో ఏదీ కాదు. మా అమ్మాయి ఉండే డార్మ్‌స్టాట్‌లో, వాళ్ళింటి నుంచి నడిచి వెళ్ళగలిగే పార్కులో ఉన్న ఒక టవర్.

డార్మ్‌స్టాట్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి మన తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తారు. ఊరికి తూర్పు వైపు చిన్న గుట్ట. దాని పేరు మాటిల్డెన్‌హోయె. పంతొమ్మిదో శతాబ్దంలో అది రాజుగారి తోట. టవర్ అసలు పేరు హోఖ్‌ట్సైట్స్‌టుర్మ్, పెళ్ళి టవర్ అన్నమాట. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఐదు వేళ్ళ టవర్ అంటారు. దూరం నుంచి చూస్తే ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ముదురు ఎరుపు ఇటుక గోడ నిటారుగా 48 మీటర్లు లేచి, చివర ఐదు గుండ్రటి కొసలుగా విడిపోతుంది. మధ్య కొస పెద్దది, పక్కవి మెట్లు మెట్లుగా చిన్నవి.

"పైకెక్కి ఊరు చూసి దిగిపోవడమేనమ్మా, అరగంట పని" అంది మా అమ్మాయి. ముప్పై ఏళ్ళు హనుమకొండలో పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, నన్ను అరగంటలో దింపడం దానికి సాధ్యమయ్యే పని కాదు.

మావారు ముందే చెప్పేశారు, తాను ఎక్కనని. ఎత్తంటే ఆయనకి పడదు. చార్మినార్ చూడటానికి వెళ్ళినప్పుడు కూడా మమ్మల్ని పైకి పంపి కింద ఇరానీ చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి. పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి టవర్ పక్కన చెట్ల కింద బెంచీ మీద కూర్చోబెట్టాం.

లోపలికి వెళ్ళే ముందే నేను బయట గోడ దగ్గర ఆగిపోయాను. దక్షిణం గోడ మీద పెద్ద నీడ గడియారం ఉంది. రంగు రాళ్ళ ముక్కలతో చేసింది. చుట్టూ మేషం, వృషభం అంటూ రాశుల బొమ్మలు, కింద జర్మన్‌లో ఒక కవిత. ఎండ బాగా కాస్తోంది. నీడ ఎక్కడ పడిందో చూసి నా వాచీ చూసుకుంటే గంటకు పైగా తేడా. పాడైపోయిందేమో అంది మా అమ్మాయి. నీడ పాడవడమేమిటే!

ఎండాకాలంలో వీళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు కదా, తేడాలో పెద్ద భాగం అది. ఇంకోటి కూడా ఉంది. మన దేశం టైము కాకినాడ దగ్గర నుంచి పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. వీళ్ళ టైము 15 డిగ్రీల రేఖాంశానిది. డార్మ్‌స్టాట్ దానికి బాగా పడమరన, తొమ్మిదికి కాస్త లోపే ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఈ ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి రావడం గడియారం కంటే పాతిక నిమిషాలు ఆలస్యం. మా అమ్మాయి ఈ ఊళ్ళో ఇన్నాళ్ళుగా ఉంటోంది, ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిగంటన్నర కావస్తే గానీ అసలు మధ్యాహ్నం కాదని దానికి తెలియదు. పాఠం మొదలుపెట్టేశానని గ్రహించి "అమ్మా, టికెట్" అంటూ చెయ్యి పట్టి లాక్కుపోయింది.

గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో మాటిల్డెన్‌హోయె చేరిందని. ఆ ఏడు జూలై నాకు బాగా గుర్తు. మా రామప్ప గుడికి గుర్తింపు వచ్చింది కూడా అప్పుడే! చైనాలోని ఫుజో నుంచి ఆన్‌లైన్‌లో జరిగిన ఆ సమావేశంలోనే రెండూ ఖాయమయ్యాయి. ఇది 24న, మాది 25న. ఆ ఆదివారం సాయంత్రం మా టీచర్ల గ్రూపులో స్వీట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వెల్లువెత్తాయి. ముందు రోజు ఇక్కడ కూడా ఎవరో అలాగే సంబరపడి ఉంటారని ఈ గుమ్మం ముందు నిలబడేదాకా తట్టలేదు. అక్కణ్ణుంచి ఆ కట్టడం మీద నాకు కాస్త బంధుప్రీతి మొదలైందనే చెప్పాలి.

గుమ్మం పైన ఎర్ర రాతిలో నలుగురు స్త్రీమూర్తులు. శక్తి, వివేకం, న్యాయం, దయ. పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ వంశ చిహ్నాలు కూడా ఉన్నాయి. ఇంతకీ ఎవరి పెళ్ళి?

హెస్సె రాజ్యాన్ని ఏలిన గ్రాండ్ డ్యూక్ ఎర్న్‌స్ట్ లుడ్విగ్‌ది. ఈయన ఇంగ్లండు విక్టోరియా రాణికి కూతురి కొడుకు. మొదటి పెళ్ళి 1894లో అయింది. అమ్మమ్మ పట్టుబట్టి కుదిర్చిన మేనరికం. అచ్చంగా మన లెక్కలో మేనరికమే, పిల్ల ఆయనకి సొంత మేనమామ కూతురు. ఇద్దరికీ పొసగలేదు, 1901లో విడాకులు. ఉన్న ఒక్క కూతురూ 1903లో ఎనిమిదేళ్ళకే టైఫాయిడ్‌తో పోయింది. 1905లో సోల్మ్స్ వంశానికి చెందిన ఎలియొనోరెని రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి కానుకగా ఊరు కట్టించి ఇచ్చింది ఈ టవర్. రెండో పెళ్ళికి ఊరంతా కలిసి ఇంత కానుక ఇచ్చారంటే, ఆ మనిషి మంచిచెడ్డలు ఊరికి ఎంత పట్టాయో తెలుస్తోంది. మన దగ్గరైతే రెండో పెళ్ళిని గుళ్ళో నలుగురి మధ్య కానిచ్చేస్తారు.

టికెట్ కొద్ది యూరోలే. కౌంటర్‌లో కూర్చున్నది తెల్లగడ్డం పెద్దాయన. టవర్‌ని చూసుకునే అభిమాన సంఘం ఒకటి ఉందట. మా అమ్మాయి జర్మన్‌లో మాట్లాడేసరికి ఆయన ముఖం వికసించింది. ఎక్కడి నుంచి అని అడిగాడు. ఇండియా అనగానే "దిగాక పక్కన చెట్ల తోపులో శిల్పాలు తప్పకుండా చూడండి, మీ భగవద్గీత ఉంది అక్కడ" అన్నాడు. నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. మా అమ్మాయి రెండోసారి అడిగింది. గీతే అన్నాడు.

కింది హాలులో ఎదురెదురుగా రెండు మొజాయిక్ బొమ్మలున్నాయి. 1914లో క్లాయ్‌కెన్స్ అనే ఆయన చేశాడు. ఒకదాంట్లో ఒక జంట ముద్దు పెట్టుకుంటోంది. రెండోదాని పేరు విశ్వాసం. దగ్గరికి వెళ్ళి చూశాను. బంగారు రంగు ముక్క ఒక్కటీ పక్క ముక్కతో సమానంగా లేదు. ఒకటి కొంచెం ఇటు వాలి, ఒకటి అటు. తల ఒక అంగుళం కదిపితే చాలు, అప్పటిదాకా మెరిసినవి ఆరిపోయి పక్కవి మెరుస్తాయి. మా అమ్మాయి తీసిన ఫొటోలో అవన్నీ ఒకే పసుపు రంగు గోడలా పడ్డాయి. ఫొటోలో చూసి చాలించుకునే రకం కాదది.

మెట్లు మొదలయ్యాయి. నాకూ మోకాళ్ళున్నాయి కాబట్టి ఒక అంతస్తు ఎక్కడం, కిటికీ దగ్గర ఆగడం, మళ్ళీ ఎక్కడం. ఆగిన ప్రతిసారీ ఆ కిటికీల విచిత్రం కనిపించింది. చిన్న చిన్న కిటికీలు వరసగా వచ్చి, గోడ మూల దగ్గర ఆగకుండా పక్క గోడ మీదికి తిరిగిపోతాయి. మూల అంటే బరువు మోసే చోటు, అక్కడ గట్టిగా రాయి పెట్టాలన్నది పాతకాలం పద్ధతి. కట్టినాయన సరిగ్గా అక్కడే కిటికీ తెరిచాడు. తర్వాత కొన్నేళ్ళకి యూరప్‌లో కొత్త తరహా మేడలన్నిటిలో ఇదే ఫ్యాషనైంది. ఇది కట్టిన 1908లో మాత్రం చూసినవాళ్ళకి ఏదో తేడాగా అనిపించే ఉంటుంది.

కట్టినాయన యోసెఫ్ మరియా ఓల్‌బ్రిక్. వియన్నాలో పైన బంగారు ఆకుల గుత్తి ఉన్న సెసెషన్ భవనం కట్టి పేరు తెచ్చుకున్నవాడు. 1899లో ఎర్న్‌స్ట్ లుడ్విగ్ ఏడుగురు కళాకారుల్ని పిలిచి ఈ గుట్ట మీద చోటిచ్చాడు. ఉత్త సరదా కాదు, తన రాజ్యంలో చేతిపనులు, పరిశ్రమలు బాగుపడాలన్న లెక్క కూడా ఉంది. ఇళ్ళు కట్టండి, కుర్చీ నుంచి చెంచా దాకా మీరే గీయండి, జనాన్ని పిలిచి చూపించండి అన్నాడు. 1901, 1904, 1908, 1914ల్లో ప్రదర్శనలు పెట్టారు. అప్పుడు నిజంగా కాపురాలుండటానికి కట్టిన ఇళ్ళు ఇప్పటికీ గుట్ట చుట్టూ ఉన్నాయి. ఈ టవర్ 1908 ప్రదర్శనకి తయారైంది. అదే ఆగస్టులో ఓల్‌బ్రిక్ రక్త క్యాన్సర్‌తో చనిపోయాడు. నలభై ఏళ్ళు. రామప్ప గుడికి దేవుడి పేరు పక్కకిపోయి శిల్పి పేరు మిగిలిందని మేం గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ ఆ అదృష్టం పెళ్ళికే దక్కింది, ఓల్‌బ్రిక్ పేరు బోర్డు చదివినవాళ్ళకే.

పై అంతస్తుల్లో రెండు గదులున్నాయి, డ్యూక్‌కి ఒకటి, డచెస్‌కి ఒకటి. ఇప్పుడు టవర్‌లో రిజిస్టర్ పెళ్ళిళ్ళు చేస్తారు. జర్మనీలో చర్చిలో ఎంత ఘనంగా చేసుకున్నా చట్టం దృష్టిలో పెళ్ళంటే ప్రభుత్వ అధికారి ముందు చేసుకున్నదే. మేం వెళ్ళింది శనివారం, ఆ రోజు పెళ్ళి ఉంది. మెట్ల మీద మాకు ఎదురుగా పెళ్ళివారు దిగుతూ వచ్చారు. పెళ్ళికూతురు గౌను కొస చేత్తో ఎత్తి పట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని దిగుతోంది. మేం గోడకి ఒదిగి నిలబడ్డాం. నేను అలవాటుగా చెయ్యెత్తి అక్షింతలు వేసినట్టు అన్నాను. ఆ పిల్లకి ఏం అర్థమైందో గానీ నవ్వి తల వంచింది.

గది ఖాళీ అయ్యాక లోపలికి తొంగి చూస్తూ మా అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది, ఆ పెళ్ళి తర్వాత కథ. ఎర్న్‌స్ట్ లుడ్విగ్, ఎలియొనోరె దంపతులకి ఇద్దరు కొడుకులు. 1918లో రాజ్యం పోయింది, ఊళ్ళోనే ఉండిపోయారు. 1937 అక్టోబర్‌లో ఆయన చనిపోయాడు. నవంబర్ 16న చిన్న కొడుకు పెళ్ళికి లండన్ వెళ్ళడానికి ఎలియొనోరె విమానం ఎక్కింది. పెద్ద కొడుకు, గర్భిణి అయిన కోడలు, ఇద్దరు మనవలు కూడా ఎక్కారు. బెల్జియంలో ఓస్టెండ్ దగ్గర పొగమంచులో విమానం ఫ్యాక్టరీ పొగగొట్టానికి తగిలి కూలిపోయింది. ఎవరూ మిగల్లేదు. ఆ కోడలు, ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌ని తర్వాత చేసుకున్న ఫిలిప్‌కి అక్క. మర్నాడు లండన్‌లో పెళ్ళి నల్లబట్టల్లోనే జరిపించేశారట. కొత్త జంట అక్కణ్ణుంచి నేరుగా అంత్యక్రియలకి వచ్చింది.

పెళ్ళి కానుకగా కట్టిన టవర్‌లో, ఇప్పుడే ఒక పెళ్ళి జరిగిన గదిలో నిలబడి వినే కథ కాదది. "ఇది ముందే చెప్పకూడదటే" అన్నాను. "ముందే చెప్తే ఎక్కేదానివి కాదుగా" అంది. అదీ నిజమే. పెళ్ళింట అశుభం మాట్లాడకూడదనే పెంపకం మనది.

పైన ఏం కనిపించిందంటే, ఫ్రాంక్‌ఫర్ట్ మేడలు ఉత్తరాన లేత బూడిదరంగులో ఉన్నాయి, దక్షిణాన ఓడెన్‌వాల్డ్ కొండలు, పడమర రైన్ మైదానం. ఊరి మధ్య లూయిజెన్‌ప్లాట్స్ చౌరస్తాలో స్తంభం మీద నిలబడ్డ పాత డ్యూక్ విగ్రహం కూడా కనిపించింది. మా అమ్మాయి ఆఫీసు ఎటో చూపించింది, అన్నీ ఒకేలా ఉన్నాయి. నా కళ్ళు మాత్రం ఊరి నడుమ ఇళ్ళ మీద ఆగాయి. యూరప్ ఊళ్ళలో మనం చూద్దామని వెళ్ళే పాత పెంకుటిళ్ళు ఇక్కడ చాలా తక్కువ. 1944 సెప్టెంబర్ 11 రాత్రి బ్రిటిష్ విమానాలు వేసిన బాంబులకి ఊరి నడిబొడ్డు కాలిపోయింది. వేలమంది ఆ ఒక్క రాత్రే పోయారు. కింద కనిపించే చప్పటి మేడలన్నీ దాని తర్వాత కట్టుకున్నవే. గుట్ట మీది ఇళ్ళకీ దెబ్బలు తగిలాయి, టవర్ నిలబడింది.

కిందికి దిగేసరికి మావారు బెంచీ మీద లేరు. పులిహోర డబ్బా ఉంది, మనిషి లేడు. టెన్షన్ మొదలైంది, ఈయనకి జర్మన్ రాదు, ఫోన్‌లో సిమ్ కూడా ఇండియాదే. చూస్తే పెళ్ళివారి గుంపులో ఉన్నారు! అక్కడ ఒక ఆచారం ఉంది. కొత్త దంపతులు రెండు వైపులా పిడి ఉన్న పెద్ద రంపంతో దుంగ కోయాలి. ఒకరు లాగితే ఒకరు వదలాలి, ఇద్దరూ ఒకేసారి బలం చూపిస్తే రంపం ఇరుక్కుంటుంది. ఇందాక మెట్ల మీద కనిపించిన పిల్లే, గౌను మీద ఏప్రాన్ కట్టుకుని కోస్తోంది. దుంగ పెట్టిన చెక్క గుర్రాలు ఊగుతుంటే, ఊరికే కూర్చోలేని మావారు వెళ్ళి ఒక కొస నొక్కి పట్టుకున్నారట. తెగి పడగానే అందరూ చప్పట్లు. ఈయన చేతికి ఒక గ్లాసు ఇచ్చారు. "ఆపిల్ జ్యూసే" అన్నారు నేను అడక్కముందే. టవర్ ఎక్కకుండానే ఆయన మాకంటే ఎక్కువ చూశారని ఒప్పుకోక తప్పలేదు.

పులిహోర ఆ చెట్ల తోపులోనే తిన్నాం. ప్లేన్ చెట్లు, వరసలుగా నాటి కొమ్మలు పైన కలిసేలా కత్తిరిస్తూ వచ్చారు. ఎండ లోపలికి దిగదు. 1914 ప్రదర్శన కోసం బెర్న్‌హార్డ్ హోట్‌గర్ అనే శిల్పి ఇక్కడ బొమ్మలు పెట్టాడు. వసంతం, గ్రీష్మం, నిద్ర, పునరుత్థానం అని నాలుగు పెద్ద రాతి ఫలకాలు, కడవలు మోస్తున్న ఆడవాళ్ళు, చనిపోతున్న తల్లి ఒడిలో బిడ్డ. పుట్టుక, చావు, మళ్ళీ పుట్టుక. కౌంటర్ పెద్దాయన చెప్పింది నిజమే. హోట్‌గర్ ఆ బొమ్మలకి తీసుకున్న మాటల్లో జర్మన్ కవి గోథే కవితతో పాటు భగవద్గీత కూడా ఉంది. మా అమ్మాయి జర్మన్ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి అర్థం చెప్పబోతే మావారు సగంలోనే అందుకుని శ్లోకం మొదలుపెట్టారు. అది ఆ రాతి మీద ఉన్న శ్లోకం అవునో కాదో గానీ, పక్కన బంతాట ఆడుకుంటున్న ముసలాయనలు ఆట ఆపి విన్నారు. ఆ ప్రదర్శన మేలో మొదలైతే ఆగస్టులో ప్రపంచ యుద్ధం వచ్చి మూతపడింది. అందులో పనిచేసిన కళాకారుల కాలనీ కథ కూడా దాంతోనే ముగిసింది.

టవర్ ఎదురుగా బంగారు గుమ్మటాల రష్యన్ చర్చి ఒకటి ఉంది. జర్మనీ ఊరి మధ్య రష్యా చర్చి ఏమిటంటే, అదీ పెళ్ళి వల్లే. ఎర్న్‌స్ట్ లుడ్విగ్ చెల్లెలు అలిక్స్‌ని చేసుకున్నది రష్యా చక్రవర్తి రెండో నికొలాస్. అత్తవారింటికి వచ్చినప్పుడు ప్రార్థన చేసుకోవడానికి సొంత ఖర్చుతో కట్టించుకున్నాడు, 1899లో పూర్తయింది. అత్తవారింట గుడి కట్టుకున్న అల్లుణ్ణి నేను వేరే ఎక్కడా వినలేదు.

"ఎక్కండి, అయిపోయింది" అని మా అమ్మాయి బస్సు వైపు చూపించింది గానీ, ఇంత విన్నాక రోజెన్‌హోయె చూడకుండా ఎలా? అది పక్కనే ఉన్న ఇంకో తోట, రాజకుటుంబం సమాధులుండే చోటు. తూర్పుగా కొద్ది దూరం నడిస్తే ఎత్తు స్తంభాల మీద సింహాలు కూర్చున్న ద్వారం వస్తుంది. ఎర్న్‌స్ట్ లుడ్విగ్, ఎలియొనోరె, ఆ విమానంలో పోయినవాళ్ళు అందరూ అక్కడే చెట్ల కింద ఉన్నారు. లోపల గులాబీ తోట ఉంది, మావారు ఒక్కో మొక్క దగ్గరా వంగి పేరు చీటీలు చదువుతూ ఇంకో గంట గడిపారు.

ఓల్‌బ్రిక్ కట్టిన కళాకారుల భవనం ఒకటి చూడకుండా మిగిలిపోయింది. వాకిట రెండు నిలువెత్తు దాటిన విగ్రహాలు, ఒక మగ, ఒక ఆడ. ఇప్పుడది మ్యూజియం, ఆ రోజుల్లో వాళ్ళు గీసిన కుర్చీలు, గిన్నెలు, చెంచాలు లోపల ఉన్నాయట. కాళ్ళు మొరాయించడంతో వచ్చే వారానికి వాయిదా వేశాం. దానికి మూడు టికెట్లు తీసుకోవచ్చు, ఎత్తు ఎక్కే పని లేదు కాబట్టి ఈసారి మావారు కూడా వస్తానన్నారు.